తుత్తం లేని జిగురు

వీధిలో ఆమెను అందరూ ముక్కలమ్మ అంటారు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. వేస్తుందనడం కంటే అతికిస్తుందనడం సరైన మాట. గుడ్డపీలికలు, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితాలు, వాడేసిన బస్సు టిక్కెట్లు, దారప్పోగులు, చివర్లో ఎక్కడో కాస్త సిరా. ఎవరైనా "కళాకారిణి" అని పరిచయం చేస్తే వంకాయ పుచ్చిందన్నట్టు మొహం పెడుతుంది.

ఆమె పనికి ఒక వరస ఉంది. ముందు పెన్సిల్‌తో గీత. తర్వాత ముక్కలు కత్తిరించి, జిగురు తగలనివ్వకుండా ఊరికే పేర్చడం. మీద కిటికీ అద్దం పలక బోర్లించి రోజంతా వదిలేస్తుంది. వంటగదికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి చూస్తుంది. ఏ ముక్క కంట్లో నలుసులా తగిలితే అది బయటికి. మర్నాడు గానీ జిగురు కాయదు. చల్లటి నీళ్లలో మైదా కలిపి, సన్నటి సెగ మీద ఉండ కట్టకుండా తిప్పి, దించబోయే ముందు చిటికెడు మైలుతుత్తం వేస్తుంది. ఆ నీలిరంగు పొడి విషం. అది పడితే కాగితాన్ని పురుగు ముట్టదు. పుస్తకాలు కుట్టేవాళ్లందరికీ తెలిసిన విద్యే.

పెళ్లీ పెటాకులూ లేని అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే పెద్ద గది. ఈ చివర ఆమె బల్ల, ఆ చివర అక్క కుట్టుమిషను. గుడ్డముక్కలన్నీ అక్కవే.

"ఏమే, నీ ముక్కల కూర ఉడికిందా?" అనేది అక్క, మిషను ఆపకుండా.

"ఉడికింది గానీ ఉప్పు తక్కువైంది. ఆ ఎర్ర పీలిక ఇటు పడెయ్యక్కా."

"అది కాలరుకి పెట్టుకున్నానే దొంగమొహమా!" అంటూనే విసిరేసేది.

అక్కది మొండిపని. ఒకసారి చొక్కా మొత్తం కుట్టేసి, గుండీలు కూడా పెట్టేశాక, ఒక చెయ్యి వేరే తానులోది పడిందని కనిపెట్టింది. రెండూ తెలుపే. వెలుగులో పెట్టి చూస్తే గానీ తేడా తెలియదు. అయినా విప్పేసింది. "ఎవరు చూస్తారక్కా?" అంటే, "చూసేదాన్ని ఇక్కడే కూర్చున్నాగా" అంది.

గొడుగు పుస్తకం మొదలైన ఏడాదే అక్కకు మతి తప్పడం మొదలైంది. ఒక ఎర్ర గొడుగు చేతులు మారుతూ ఊరంతా తిరిగి ఇల్లు చేరే కథ, పద్దెనిమిది బొమ్మలు. గొడుగు మొత్తం అక్క దగ్గరున్న ఒకే ఎర్ర తానులోది. అయిదు బొమ్మలు పూర్తయ్యేసరికి అక్క గుండీలు ఎటు పెట్టాలో మరిచిపోయింది. ఓ రోజు బట్టల పెట్టెలోంచి కలరా ఉండ తీసి నోట్లో వేసుకుని, "ఈ పిప్పరమెంటు మహా ఘాటే" అంది. ఇంకోరోజు జిగురు గిన్నెలో వేలు ముంచి నాకేసింది. వాంతులు, ఆసుపత్రి, రెండు రోజులు సెలైను. "ఇంట్లో ఇలాంటివేం ఉండకూడదమ్మా" అన్నాడు డాక్టరు.

కలరా ఉండలు చెత్తలోకి పోయాయి. తుత్తం సీసా అటక ఎక్కింది. మిగతా పదమూడు బొమ్మలూ ఉత్త మైదా జిగురుతోనే అతుక్కున్నాయి. అక్క రోజూ వచ్చి వేలు ముంచేది, చప్పరించేది, తీర్పు చెప్పేది: "ఉప్పు తక్కువైందే."

పక్కవాటా ఆవిడ చూసి కళ్లొత్తుకుంది. "అక్క కోసం ఎంత త్యాగమమ్మా!"

"త్యాగమూ లేదు, తోటకూరా లేదు. మీరు కాస్త ఈ గిన్నె పట్టుకోండి, తను మళ్లీ వస్తోంది."

పుస్తకం అరచేతిలో పట్టేంత చిన్నదిగా అచ్చయింది. ఆ ఎండాకాలమే అక్క ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. అసలు బొమ్మలు ఇనప్పెట్టెలోకి వెళ్లాయి. ఆ పెట్టెను ఆమె ఎనిమిది నెలలు తెరవలేదు. తెరిస్తే అక్క గుడ్డలు కనిపిస్తాయని.

అచ్చువేసిన ఆయనకు తొందరయ్య అని పేరు. ఓ పొద్దున చెప్పులు విప్పకముందే మొదలెట్టాడు. "బడులన్నిటికీ మన గొడుగు పుస్తకమేనండీ! పెద్ద సైజు. పాత ఫైళ్లు పనికిరావు, సాగదీస్తే మసక. అసలు బొమ్మలు తియ్యండి."

ఆమె జీవితంలో తన బొమ్మల్ని అంతమంది పిల్లలు చూడబోవడం అదే మొదటిసారి. పెట్టె తెరిచింది.

పై అయిదూ నిక్షేపంలా ఉన్నాయి. ఆరోది ఎత్తగానే గొడుగు ఊడి ఒళ్లో పడింది. కింద కాగితం జల్లెడ. ఏడోదాంట్లో ఊరు లేదు, సిరా గీతలే ఉన్నాయి. జిగురు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా తినేశాయి, జిగురు పీల్చిన గుడ్డతో సహా. వెండి పొలుసుల్లాంటి పురుగులు వెలుతురుకి బెదిరి మూలలకు పాకాయి. పద్దెనిమిదోది అడుగున పొట్టుగా దొరికింది.

తొందరయ్య ఒక్కొక్క బొమ్మా ఎత్తి చూశాడు. చివరికి ఏడోదాన్ని వెలుగుకేసి పట్టి, "ఇలాగే అచ్చేద్దామండీ. ఈ చిల్లుల్లో కూడా ఓ అందముంది. కాలం చేసిన సంతకం..." అన్నాడు.

"కాలం కాదు, పురుగు. నేను దానికి పెట్టిన భోజనం. ఎన్నాళ్లు టైముంది?"

"నెల."

"సరే, వెళ్లిరండి."

గీతలు ఆమె చేతిలోనే ఉన్నాయి. కాగితాలు, టిక్కెట్లు మళ్లీ పుడతాయి. ఎరుపే పుట్టలేదు; అక్క తాను ఆ పుస్తకంతోనే అయిపోయింది. బట్టలకొట్టువాడు తానులన్నీ దించాడు. అయిదో బొమ్మను పక్కన పెట్టి ఒక్కొక్కటే చూసింది. ఒకటి ముదురు, ఒకటి నారింజ ఛాయ. "ఇది అచ్చు అదేనండీ" అన్నదాన్ని కొంది. అది అచ్చు అది కాదు.

ఇంటికొచ్చి ఆరో బొమ్మ పేర్చి, అద్దం బోర్లించి, పక్కన అయిదోది పెట్టింది. ఒక పేజీ తిప్పితే గొడుగు మారిపోతోంది. ఫోన్ చేస్తే తొందరయ్య నవ్వాడు. "పిల్లలండీ! ఎవరు చూస్తారు?"

ఆమె ఆ చివరనున్న మిషను కేసి చూసి ఫోన్ పెట్టేసింది.

రోజంతా వదిలేసింది. వంటగదికి వెళ్తూ చూసింది, వస్తూ చూసింది. కథలో గొడుగు ఒకటే. కొత్త ఎరుపు పదమూడింట్లో ఉండక తప్పదు. అంటే పాత ఎరుపు అయిదింట్లోంచీ పోవాలి.

మర్నాడు ఆ అయిదు గొడుగుల మీదా తడిగుడ్డ పరిచి, అరగంట నానబెట్టి, కత్తిమొనతో లేపడం మొదలుపెట్టింది. తుత్తం వేసిన జిగురు గట్టిది. గుడ్డ గుడ్డలా రాలేదు, పోగులు పోగులుగా వచ్చింది. దాచుకోవడానికి ఒక్క ముక్కైనా మిగలలేదు. గోళ్లలో ఇరుక్కున్న ఎర్రపీచును కొళాయి కింద కడిగేసింది.

తర్వాత స్టూలెక్కి అటక మీది సీసా దించి, జిగురు కాచి, చిటికెడు వేసి తిప్పింది. మూత బిగించి, సీసాను మళ్లీ ఎక్కించబోయి ఆగింది. బల్ల మీదే, గిన్నె పక్కనే పెట్టుకుంది. ఇంక నాకేవాళ్లెవరూ లేరు.