రెండు డిస్కుల ధైర్యం

ఈ కథలో ఒక పెద్దావిడ రెండుసార్లు చనిపోతుంది. మొదటిసారి జ్వరం వల్ల, రెండోసారి నా వల్ల. అదీ నేను కాలు మీద కాలేసుకుని టీ తాగుతుండగా. నవ్వాలనుకునేవారు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత వీలు పడకపోవచ్చు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సర్వర్లు నడిపే కోర్సు ఆరు నెలలు చదివి, మార్కాపురంలో ఒక ఫోటో స్టూడియోలో చేరాను. యజమాని మస్తాన్ మామ. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ ఆయన గది మూలనున్న సర్వర్‌లో ఉండేవి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు పాస్‌వర్డ్ చేతికొస్తే పట్టపగలే కొంప ముంచాను.

మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయి. గిద్దలూరులో మూడు రోజుల పెళ్లి ఫోటోలు తీసుకుని కెమెరావాళ్లు వచ్చేసరికి సర్వర్‌లో చోటు లేదు.

"ఏం చేస్తావు అల్లుడూ?" అన్నాడు మామ.

"పాత పెండ్లిళ్లు తీసేస్తా."

"తీసేస్తే పోతాయి గదా?"

"యాడికి పోతాయి మామా? లోపల రెండు డిస్కులుండాయి. దీంట్లో ఉండేదంతా దాంట్లో గూడా ఉంటాది."

"చూసుకున్నావా?"

"చూసేదేముంది, చదివినా."

చదివిన మాట నిజమే, కానీ సగమే. ఆ రెండు డిస్కులూ ఒకదానికొకటి అద్దం. ఒకదానిలో రాసింది రెండోది రాసుకుంటుంది. ఒకదానిలో చెరిపితే రెండోది కూడా మహాభక్తితో చెరిపేస్తుంది. డిస్కు చెడిపోతే ఈ ఏర్పాటు కాపాడుతుంది గానీ, నాలాంటివాడి నుంచి కాపాడదు. ఆ పాఠం చెప్పిన రోజు నేను సినిమాకు పోయాను.

కాలు మీద కాలేసుకుని టీ తాగుతూ పాతవి చెరిపి, మధ్యాహ్నానికల్లా గిద్దలూరు పెళ్లి ఎక్కించేశాను. సాయంత్రం దొనకొండ వైపు నుంచి లక్ష్మక్క వచ్చింది. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. వాళ్లమ్మ జ్వరంతో పోయి తొమ్మిది రోజులైందట, ఎల్లుండి పెద్దదినం.

"మా చిన్నాయన కూతురి పెండ్లిలో మాయమ్మ నవ్వుతా నిలబడిన ఫోటో ఉండాది తమ్ముడా. ఫోటోలు ఏరేదానికి వచ్చిన రోజు ఈడనే, ఈ టీవీలోనే చూసినా. పెద్దది చేసి ఇయ్యి, గోడకు పెట్టుకోవాల."

"ఆల్బమ్‌లో లేదా అక్కా?"

"ఆల్బమ్‌లోకి మాయమ్మను ఎవురు ఏరతారు? యాడనో ఎనక నిలబడింది. ఫోటో అంటేనే మొగం తిప్పుకునేది. ఆ ఒక్కతూరే నవ్వింది."

దర్జాగా రెండో డిస్కు ఊడదీసి, వేరే కంప్యూటర్‌కు తగిలించాను. అందులో గిద్దలూరు పెళ్లికొడుకు పళ్లన్నీ చూపిస్తూ కనిపించాడు. ఎంత వెతికినా వాడే. చెరిపినవి వెలికితీసే ప్రోగ్రాం నడిపితే సగం నుదురు, ఒక అరటిగెల, ఎవరిదో చెవి వచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమంటారు. నాకు పట్టుకోను ఆకులూ మిగల్లేదు, పాతవి చెరిపిన చోటే కొత్తవి రాసి, ఆ ఆకుల్లో గిద్దలూరు పెళ్లి భోజనం వడ్డించేశాను.

"దొరకలా తమ్ముడా?"

"లేదక్కా. నేనే చెరిపేసినా. పొద్దున."

మస్తాన్ మామ తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీకు డిస్కులు రెండురా. ఆయమ్మికి అమ్మ ఒక్కతే గదరా!" అన్నాడు.

లక్ష్మక్క ఆ టీవీ వైపే చూసి, సంచిలోంచి వాళ్లమ్మ ఆధార్ కార్డు తీసింది. "దీంట్లోదే పెద్దది చెయ్యి. ఇంకేం చేస్తాం." ఆధార్ ఫోటో సంగతి మీకు తెలియనిది కాదు, అందులో ఎంత మంచివాళ్లయినా దొంగల్లా పడతారు. ఈవిడైతే కళ్లురిమి చూస్తోంది. ఎంత దిద్దినా ముడతలు తగ్గాయి గానీ ఉరుము తగ్గలేదు.

పెద్దదినం నాడు ఫ్రేము నేనే మోసుకెళ్లాను. లక్ష్మక్క దండ వేసి, కాసేపు నిలబడి చూసింది.

"అమ్మ ఎవురి మీదనో కోపంగా ఉండాది" అంది.

తర్వాత సరిగ్గా ఆ ఫోటో ఎదురుగానే విస్తరి వేసి, "తిను తమ్ముడా, ఎండన పడి వచ్చినావు" అంటూ కొసరి కొసరి వడ్డించింది. ప్రతి ముద్దకూ తలెత్తితే ఆ చూపే. అంత బరువైన అన్నం నా జన్మలో తినలేదు.

అందుకే సకల సర్వర్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నకలు వేరే డిస్కులో, వేరే ఇంట్లో పెట్టి, దాన్ని తెరిచి, అందులో ఎనక వరుసలో నిలబడినవాళ్ల మొహాలు కూడా నా కళ్లతో చూసుకుంటే తప్ప దేన్నీ చెరపను. ఇంకొక పెద్దమ్మ ఎదురుగా కూర్చుని అన్నం తినే ధైర్యం నాకు లేదు.