దఫేదార్ సాబ్ మట్టిబిళ్ల, నా మూడు వరుసలు

1957, కరీంనగర్. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఏడాది నిండలేదు. మా ఆఫీసు బోర్డు మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాయించారు గానీ, ఎండ ఏటవాలుగా పడితే కింది ఉర్దూ అక్షరాలు మళ్లీ పైకి తేలేవి. పురావస్తు శాఖలో శాసనాలకు నకళ్లు తీయడం నా పని. ఆ ఏడాది నాలుగు వేల ఏళ్ల కిందటి ఇరాక్ మట్టిపలకను చదివిన మొదటి తెలంగాణవాణ్ణి నేనే.

చదివిన అన్నది కొంచెం ఎక్కువైంది. చూశాను. నకలు రాశాను. అదీ పూర్తిగా కాదు.

మా పనిలో ఎస్టాంపేజ్ అని ఒకటుంది. శాసనమున్న రాయిని కడిగి, దానిమీద తడి కాగితం పరిచి, గట్టి వెంట్రుకల బ్రష్షుతో దబదబా కొడితే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. ఆరుతుండగా పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా, మిగతాదంతా నల్లగా వస్తుంది. మంథని దగ్గర గోదావరిలో, నడుములోతు నీళ్లలో, మొసళ్ల మధ్య నిలబడి ఒక శాసనం తీశానని మనవలకు చెప్తుంటాను. నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి. మొసలి ఉందని పక్కవాడు అన్నాడు, నేను చూడలేదు. కానీ ఎస్టాంపేజ్ మాత్రం బాగా తీసేవాణ్ణి. నా కొంప ముంచింది అదే.

మా ఆఫీసు వెనక గల్లీలో యూసుఫ్ సాబ్ అనే పెద్దాయన ఉండేవారు. మొదటి పెద్ద లడాయిలో గుర్రపు దళంతో ఇరాక్ వెళ్లి దఫేదారుగా, అంటే హవల్దారు హోదాతో, తిరిగొచ్చిన మనిషి. బగ్దాదు బజారులో తన ఉన్ని కోటు ఇచ్చి, బదులుగా ఒక మట్టిబిళ్ల తెచ్చుకున్నారు. సబ్బుబిళ్లంత ఉంటుంది. రెండు వైపులా పిచ్చుక కాళ్ల గుర్తుల్లాంటి రాత. ఆ రాతను క్యూనిఫాం అంటారు. కోసిన రెల్లుపుల్ల మూలను పచ్చిమట్టిలో నొక్కితే తలకాయ ఉన్న మేకులాంటి గుంట పడుతుంది, ఆ మేకులే అక్షరాలు. బొంబాయిలో ఆ లిపి చదివే ఒక ప్రొఫెసరు ఉన్నాడని, ఆయనకు నకలు పంపమని మా సూపరింటెండెంటు నన్ను పురమాయించారు.

మొదటిరోజే దఫేదార్ సాబ్ బిళ్లను రుమాలు మీద పెట్టి అన్నారు:

"రాజయ్యా, ఇది అసల్దా, నకిలీదా? గదొక్కటి చెప్పియ్యి. నలభై ఏండ్ల సంది నా ఇంట్ల నాకు ఇజ్జత్ లేదు."

పరదా వెనక నుంచి ఆయన భార్య అందుకుంది. ఆమెను గల్లీ అంతా బీబమ్మ అనేది.

"గది ఉన్ని కోటు బిడ్డా. ఇత్తడి గుండీలు. చలిల వణుక్కుంట మట్టి కొనుక్కచ్చిండు. మన మానేరుల మట్టి లేనట్టు."

ఆ కోటును ఆమె ఎన్నడూ చూడలేదని తర్వాత తెలిసింది. పెళ్లికి ముందటి కోటు అది.

ఆయన ఇంట్లోనే చాప మీద కూర్చుని, భూతద్దం పెట్టుకుని రెండు రోజుల్లో ముందువైపు మొత్తం, వెనకవైపు చాలావరకు పెన్సిల్‌తో దించాను. ఇక మూడు వరుసలు మిగిలాయి. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. దఫేదార్ సాబ్ నమాజుకు వెళ్లారు. ఎస్టాంపేజ్ చేతిలో ఉన్న మనిషికి కళ్లు పోగొట్టుకునే ఖర్మేమిటి అనిపించింది. తడి కాగితం పరిచాను. బ్రష్షుతో కొట్టాను, ఎంతో సున్నితంగా. కాగితం ఎత్తితే దానితో పాటు ఆ మూడు వరుసలు కూడా లేచి వచ్చాయి. కాగితానికి బురద, బిళ్లకు నున్నటి చెంప.

అది ఎండబెట్టిన మట్టే గానీ కాల్చిన మట్టి కాదు. నేను నా జన్మలో రాయి తప్ప వేరేది ముట్టలేదు.

అప్పుడు నేను ధైర్యంగా నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు. చాపలోంచి ఒక పుల్ల విరిచి, పై వరుసల్లోని గుర్తులను అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకుని, ఆ తడిమట్టి మీద మూడు వరుసలు గీశాను. నకల్లోనూ అవే దించాను. ఫోటో తీయించాలని బీబమ్మకు చెప్పి బిళ్లను రుమాల్లో చుట్టుకుని బయటపడ్డాను.

మర్నాటికి తడిసినచోట వెంట్రుకంత పగులు వచ్చింది. మానేరు ఏటికి పోయే దారిలో కుండలు చేసే లచ్చవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె బిళ్లను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో తడిమి చూసింది. నాలుగు రోజులు నీడన ఆరనిచ్చి, చిన్న కుండలో పెట్టి మూత వేసి, తను కుండలు కాల్చే ఆవంలో ఒక మూలన కాలిస్తే నిలుస్తుందంది. నేను బతికానురా అనుకున్నాను. అంతలో ఆమె అంది:

"కింది మూడు వర్సలు ఏరేటోళ్ల చేతియి సారూ. పైవన్ని నొక్కినయి. ఇవి గీకినయి."

"పాతకాలపోళ్లు అట్ల రాసేటోళ్లవ్వా."

"నిన్నటి పాతకాలమా?" అని నవ్వి, మళ్లీ మట్టి పిసుక్కోవడంలో పడింది.

బిళ్ల ఆవంలోంచి ఎర్రగా, గట్టిగా బయటికొచ్చింది. లచ్చవ్వ చేతికిస్తూ, ఇక నువ్వు చెరుపుదామన్నా చెరగదు సారూ అంది. ఆ మాట నాకు అప్పుడు మెచ్చుకోలులా వినిపించింది.

రంగు మారిందేమని దఫేదార్ సాబ్ అడిగితే, పెద్ద మ్యూజియాల్లో ఇట్లాగే కాల్చి భద్రపరుస్తారని చెప్పాను. అది నిజమేనని ఏళ్ల తర్వాత ఎక్కడో చదివాను. చెప్పినప్పుడు మాత్రం నాకు తెలియదు.

నకలు పంపిన నెలకు బొంబాయి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, నేనే చదివి చెప్పాలి. ముందువైపు రాత చక్కగా ఉందట. వెనక చివరి మూడు వరుసలు మాత్రం లిపే కాదట, ఎవరో ఏమీ తెలియనివాడు గీకిన గీతలట. ఇలాంటి నకిలీ సరుకు బగ్దాదు దుకాణాల్లో చాలా చూశానని, అందుచేత మొత్తం బిళ్లనే అనుమానించాల్సి వస్తున్నదని రాశాడు.

అబద్ధం చెప్పేయొచ్చు. దఫేదార్ సాబుకు ఇంగ్లీషు రాదు. కానీ ఉత్తరం నకలు సూపరింటెండెంటు దగ్గర ఉంది. ఉన్నదున్నట్టు చదివాను, ఆ ఏమీ తెలియనివాడు నేనేనని మాత్రం చెప్పలేదు.

ఆయన చాలాసేపు బిళ్లను తిప్పి తిప్పి చూశారు. తర్వాత పరదా వైపు తిరిగి, "నువ్వన్నదే నిజం. మోసపోయిన," అన్నారు.

పరదా వెనక నుంచి నవ్వు వస్తుందని తల దించుకుని కూర్చున్నాను. రాలేదు. బీబమ్మ గొంతు వినిపించింది:

"గా బొంబాయాయన కాగితమే చూసిండు. నువ్వు చేత వట్టుకొని చూసినవు. ఎవలకెక్వ ఎర్క? ఫికర్ చెయ్యకు."

నలభై ఏళ్లు ఎత్తిపొడిచిన మనిషి ఆయన వైపు నిలబడింది. అప్పటికింకా నాది టెంపరరీ ఉద్యోగం, మరో రెండు నెలల్లో కన్ఫర్మ్ కావాలి. ఇంటికెళ్లి ఆలోచిద్దామనుకున్నాను. కానీ నోరు ఆగలేదు.

"దఫేదార్ సాబ్, గా మూడు వర్సలు నావి."

తడి కాగితం, చాపపుల్ల, లచ్చవ్వ, ఆవం, అన్నీ చెప్పాను. ఆయన మొహం చూడలేక బిళ్లనే చూస్తూ చెప్పాను.

"ఆ మూడేనా?"

"మూడే సాబ్."

"మిగిలినయి నేను తెచ్చినప్పటియేనా?"

"ఒట్టు."

ఆయన కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టారు. జర రేపటిదాకా ఆగండని, నౌకరీ పోతుందని బతిమాలాను.

"చలికాలంల కోటిచ్చినోన్ని నేను. నువ్వు సంతకమియ్యలేవా?"

రాశాను. రాత్రికి రాత్రి పన్నెండు పేజీల ఒప్పుకోలు రాశానని చెప్తుంటాను. మధ్యాహ్నం మూడింటికి, ఒక పేజీన్నర. దఫేదార్ సాబ్ పట్టుబట్టి లచ్చవ్వ మాటలు కూడా రాయించి, కింద ఆమె వేలిముద్ర తీసుకున్నారు. ఉత్తరమూ బిళ్లా బొంబాయి వెళ్లాయి.

నాలుగు నెలలకు జవాబు. నా పేజీన్నర ఇంగ్లీషు గురించి ప్రొఫెసరు ఒక్క ముక్క రాయలేదు. కుమ్మరామె రెండు వాక్యాలనే ఎత్తి రాసి, ఆమె చెప్పింది అక్షరాలా సరిపోయిందన్నాడు. ఆ మూడు వరుసలు తీసేస్తే బిళ్ల అసలుదే. నాలుగు వేల ఏళ్ల కిందటి బడిలో పిల్లవాడు పాఠం దించుకున్న పలక. ముందువైపు పంతులు రాసింది, వెనక పిల్లవాడిది. చివర మూడు వరుసలు రాసిన శిష్యుణ్ణి ఆ పంతులు తప్పక కొట్టి ఉండేవాడని కూడా రాశాడు. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు, ఇద్దరు పిల్లలు.

అసలుదన్న మాట వినగానే దఫేదార్ సాబ్ లేచి నిలబడ్డారు, ఎవరికో సలాము చేయబోతున్నట్టు. పరదా వెనక బీబమ్మ అంతా విన్నది.

"అంటే, పోరగాండ్ల పలకకు ఉన్ని కోటిచ్చినవన్నట్టు," అంది.

"అసల్ది గదనే," అన్నారాయన, నవ్వుతూ. నేను ఆ ఇంటికి వెళ్లినన్నాళ్లూ ఆ మాట వినపడుతూనే ఉండేది.

నా కన్ఫర్మేషన్ ఏడాది వెనక్కి పోయింది. సూపరింటెండెంటు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అవి మాత్రం పెంచనక్కర్లేదు. దఫేదార్ సాబ్ బిళ్లను మా శాఖకే ఇచ్చారు. దాని కింది చీటీలో, చివరి మూడు వరుసలు ఇటీవలివి అని రాయమన్నారు. నేనే రాశాను.

ఆ తర్వాత ఏ కొత్త వస్తువు చేతికొచ్చినా, దానిమీద ఏమి రాసి ఉందో చూసేముందు అది దేనితో చేసిందో తెలిసిన మనిషిని వెతుక్కుంటూ వెళ్లేవాణ్ణి. సాలెవాళ్ల దగ్గరికి, కంచరివాళ్ల దగ్గరికి, మందమర్రిలో బొగ్గు తవ్వేవాళ్ల దగ్గరికి కూడా వెళ్లాను. నకల్లో నాకు అందని వరుస ఉంటే ఖాళీ వదిలి, పక్కన 'చదవలేకపోయాను' అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. మా శాఖ రికార్డుల్లో ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు రాసింది నేనే. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.