ఆముదం తాగిన పెట్రోలు పంపు

మద్దిలపాలెం బంకులో మూలపడ్డ చేతిపంపును నేనొక్కడినే, ఒక్క స్పానరుతో, ఒక్క పూటలో బాగుచేశానని ఇన్నేళ్లుగా చెప్పుకు తిరుగుతున్నాను. వినేవాళ్ల ఓపికను బట్టి ఒక్కోసారి ఆ స్పానరు కూడా లేదంటాను.

తెల్లవాళ్ల కాలం నాటి పంపది. నిలువెత్తు ఇనుప ఒళ్లు, తలమీద రెండు గాజు జాడీలు. పక్కనున్న పిడిని అటూ ఇటూ తోస్తే పెట్రోలు బుడగలు కక్కుకుంటూ జాడీలోకి ఎక్కేది. తోసేవాడు మా ఆవిడ అన్నయ్య, నాకు బావ. నేను అదే బంకులో మెకానిక్కుని. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై జీపుల రద్దీ పెరిగాక షావుకారు కరెంటు పంపు పెట్టించి, దానికి వేరే మనిషిని తెచ్చుకున్నాడు. చేతిపంపు నెలల తరబడి ఊరికే నిలబడి ఎండిపోయింది. ఓ రోజు కరెంటు పోయినప్పుడు బావ ఎంత తోసినా చుక్క ఎక్కలేదు.

"దసరాలోగా ఆడిందా, కరెంటు పోయినప్పుడు పనికొస్తాదని ఉంచుతాను. లేదా, పాతినుముకి తోలీడమే" అన్నాడు షావుకారు. పంపుతోపాటు బావ పనీ పోతుందని ఆయన అనలేదు. అనక్కర్లేదు.

నేను అందరి ముందూ మీసం మెలేశాను. "దసరాకి దీన్ని ఆడించకపోతే మీసం తీసీత్తాను బావా!"

"నీ మీసం నానేటి సేసుకుంతాను బావా? నాకు పని కావాల."

పంపు విప్పితే లోపలి తోలు వాషరు అప్పడంలా విరిగింది. తోలెందుకని సైకిలు ట్యూబు గుండ్రంగా కోసి బిగించాను. సాయంత్రానికి పెట్రోలు జాడీలోకి ఎక్కింది, నేను ఆకాశానికెక్కాను. మర్నాటికి రబ్బరు పెట్రోలు తాగి గారెలా ఉబ్బి, పిడి బిగుసుకుపోయింది. ఈసారి వన్‌టౌన్‌లో సాయిబుగారి కొట్టు నుంచి మంచి తోలు తెచ్చి, నువ్వులనూనెలో నానబెట్టి వేశాను. పెట్రోలు ఆ నూనెనంతా కడిగేసి తోలును మళ్లీ అట్టముక్క చేసింది. బావ మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి, తినకుండానే పెట్టేశాడు.

ఇంటికెళితే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని పెరట్లో నిలబడి ఉంది.

"ఓలమ్మ! తలకి ఆముదం రాసుకుని కాలరంతా జిడ్డు సేసీసినావు. గ్రీజు మరకలు పెట్రోలెట్టి తుడిత్తే పోనాయి గానీ, ఈ ఆముదం సచ్చినా వదల్లేదేటి?"

"మల్లీ సెప్పు" అన్నాను.

"సెవుడేటి? పెట్రోలుకి ఆముదం లొంగదంతన్నాను!"

గూట్లోని ఆముదం సీసా పట్టుకుని పరుగెత్తాను. "అది నా తలకి! మాయమ్మ ఊర్నుంచి పంపింది!" అని వెనక నుంచి కేక.

"మీ అన్నకే!" అన్నాను. కేక ఆగిపోయింది.

ఆముదంలో నానిన తోలు మెత్తగానే ఉండిపోయింది. అప్పటికి ఒక్క పూట కాదు, పక్షం పైనే గడిచింది.

దసరా పూజనాడు పంపుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. బావ పిడి తోశాడు. పెట్రోలు జాడీ అంచుదాకా ఎక్కి నిలబడింది. జంక్షనంతా చప్పట్లు కొట్టిందని చెబుతుంటాను. నిజానికి ఇద్దరు టాక్సీ డ్రైవర్లు, ఓ మేక. మేక అరటిపళ్ల కోసం వచ్చింది.

"పంపు ఉంటాది. నువ్వూ ఉండు" అన్నాడు షావుకారు బావతో. కొబ్బరిచెక్క అతని చేతిలో పెట్టి, "బాగుసేసినోలకి ఇది నీ సేత్తోనే ఇచ్చీ" అన్నాడు.

నేను చెయ్యి చాపాను. బావ నన్ను దాటుకుని సైకిలెక్కాడు. వెనకే నడిచి ఇల్లు చేరేసరికి ఆ చెక్క మా ఆవిడ చేతిలో ఉంది.

"తోలు బిగించినప్పుడే వాసన తెలిసింది బావా. మాయమ్మ ఆముదం నాకు తెల్దేటి?" అన్నాడు బావ.

ఒళ్లు అలిసి తనంతట తాను మానుకునేదాకా, కరెంటు పోయినప్పుడల్లా బావే ఆ పిడి తోశాడు. ఆ దసరానాడు మా ఆవిడ కొబ్బరి కొంచెం విరిచి నాకూ పెట్టింది. పెద్ద ముక్కే పెట్టింది. ఈ మాటలో మాత్రం అతిశయం లేదు.