పాతిక సెంట్ల ప్రతి

ఆర్డిస్ డైక్‌స్ట్రా చేతికి పాత పుస్తకం ఇస్తే పేరు చూడదు, అట్టమీద వెల చూస్తుంది. ఆ వెంటనే చివరి పేజీకి పోతుంది. గ్రాండ్ రాపిడ్స్‌లో చర్చి నేలమాళిగలో ఏటా అక్టోబరులో పెట్టే పాత పుస్తకాల అమ్మకంలో ఆమె వరస తెలియనివాళ్లు లేరు. రాకెట్లూ గ్రహాలూ బొమ్మలేసిన అన్ని అట్టల్లో ఆమెకు కావలసింది ఒక్కటే, ‘శనిగ్రహపు తోటమాలి’. రాసినవాడు లైల్ టీగ్.

ఆ లైల్ ఒకప్పుడు ఆమె ప్రాణం. 1953లో నానా మాటలూ అనుకుని విడిపోయేటప్పుడు, "నా పుస్తకం వస్తోంది. ముందు పేజీలో నీకో మాట అచ్చు వేయించాను. చదువు, ఆపైన నీ ఇష్టం," అన్నాడు. ఆమె మొండిఘటం. రెండేళ్లు దాని మొహం చూడలేదు. చివరికి మనసాగక బస్టాండులో కొన్నది. లోపల ‘మొదటి ముద్రణ, 1953’ అని స్పష్టంగా ఉంది. ఆమెకోసం మాత్రం ఒక్క ముక్కా లేదు. ఎంత అబద్ధాలకోరు అనుకుని, ఆ చలికాలమే హాంక్‌ను పెళ్లి చేసుకుంది. హాంక్ మంచివాడే, పాపం.

హాంక్ పోయాక ఇల్లు సర్దుతూ ఆ పుస్తకాన్ని అమ్మబోతే, పాత పుస్తకాల ఓరిన్ పకపకా నవ్వాడు.

"ఇది మొదటి ముద్రణని నీకెవరు చెప్పారమ్మా?"

"అందులోనే ఉందిగా! కళ్లు కనబడటంలేదా?"

"మళ్లీ అచ్చేసినప్పుడు ఆ ముక్క మార్చడానికి అచ్చువాళ్లకి బద్ధకం. మొదటిదాని వెల పాతిక సెంట్లు. దీనిమీద చూడు, ముప్పై అయిదు. వెనక ప్రకటనల్లో ఉన్నవన్నీ యాభై అయిదులో వచ్చిన పుస్తకాలు! వాటికి చోటు కోసం ముందు పేజీ ఒకటి పీకేసి ఉంటారు కూడా."

ముందు పేజీ! లైల్ తనకో మాట అచ్చు వేయించానన్నది అక్కడే. అప్పటికి లైల్ పోయి పదకొండేళ్లు. పెళ్లీ పెటాకులూ లేకుండానే పోయాడు. తన గురించి ఏం రాశాడో తెలియకుండా తానూ పోతానేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది.

ఎనిమిదేళ్లు ఎన్ని అట్టపెట్టెలు తవ్విందో లెక్కలేదు. ఎక్కడ చూసినా ముప్పై అయిదే.

ఈ అక్టోబరులో ఆమెను చూడగానే ఓరిన్ బల్ల కిందినుంచి ఒక పుస్తకం తీశాడు. "ఇదిగో మహాతల్లీ. నేను మాత్రం తెరవలేదు."

పాతిక సెంట్లు. వెనక ప్రకటనల్లో యాభై మూడు దాటిన పుస్తకం లేదు. అన్నీ సరిపోయాయి, కానీ ముందుకు తిప్పడానికి ఆమెకు చెయ్యి రాలేదు. పక్కన కాఫీ చల్లారిపోతోంది.

"ఇన్నేళ్లు నా ప్రాణం తీసి ఇప్పుడు బిగుసుకుపోతావేం? తిప్పు!" అన్నాడు ఓరిన్.

తిప్పింది.

‘ఆర్డిస్‌కి. తప్పు నాదే. ఇది చదివిన రోజు ఫోన్ చెయ్యి. నేను నంబరు మార్చను.’

"ఏం రాశాడు?"

ఆర్డిస్ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తుడుచుకోలేదు.

"ఆ నంబరు నాకింకా నోటికొచ్చు, ఓరిన్," అంది.