మార్కులు లేని పోటీ

ఆమె పన్నెండేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతోంది. అక్కడ తప్పు చేస్తే మెమో ఇస్తారు. తప్పు చేసి నేర్చుకునే హక్కును మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అందుకే సూపర్‌వైజర్ ఉద్యోగం కోసం పెట్టిన ఆన్‌లైన్ కోర్సులో, ప్రతి పాఠం చివర ఉండే స్వీయపరీక్షకు మార్కులు లేవంటే ఆమె నమ్మలేదు. పైగా అక్కడే పనిచేసే ఆడపడుచు కూడా అదే ఉద్యోగానికి పోటీ పడుతోంది. ఆడపడుచును మించిపోవాలని ఈ వదిన ముందే జవాబులు చూసుకుని, ప్రతిసారీ ఇరవైకి ఇరవై ఒప్పులు తెచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర వదిన ఆడపడుచు ఫోన్‌లోకి తొంగిచూసింది. తెర నిండా ఎర్ర గుర్తులే.

"ఏమ్మా, ఇన్ని తప్పులా? నాకొక్కటీ రాలేదే."

"మార్కుల్లేవుగా వదినా. తప్పని చెప్పి, ఎందుకు తప్పో కూడా ఓపిగ్గా చెప్తోంది. మా అన్నయ్యకంటే నయం."

ఆ నిశ్చింత చూసి వదినకు కడుపు మండింది.

అసలు పరీక్షకు ముందురోజు సాయంత్రం, వదిన మొదటిసారి జవాబులు చూడకుండా స్వీయపరీక్ష రాసింది. పద్నాలుగు తప్పులు వచ్చాయి. ఒక్కో తప్పు కింద ఉన్న వివరణ చదువుతుంటే విషయం తేటగా బోధపడసాగింది. ఇన్నాళ్లూ ఈ సుఖమంతా ఆడపడుచు ఒక్కతే అనుభవించిందని ఆమెకు మళ్లీ ఒళ్లు మండింది.