ఓడ దిగినవాళ్ళకు శకుంతలక్క చూపిన ఊరు

పోయిన వారం బెళ్ళందూరు దగ్గర, వాన వెలిసిన ట్రాఫిక్కులో మా బస్సు కదలకుండా నిలిచిపోయింది. పక్కనే ఆగిన ఒక పాత వ్యాను నుంచి డీజిల్ పొగ, లోపల అద్దానికి వేలాడదీసిన మల్లెమాల వాసన కలిసి వచ్చి ముక్కుకు తగిలాయి. ఆ రెండు వాసనలూ కలిస్తే నాకు ఒక్క మనిషే గుర్తుకొస్తుంది. అదే సమయానికి నా వెనక నిలబడ్డ ఇద్దరు తెలుగు కుర్రవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "ఫ్లైటుకు ఇంకా చాలా టైముంది మామా, ఏం చేద్దాం?" అన్నాడొకడు. "బెంగళూరులో చూడ్డానికేముందిరా? మాల్‌కెళ్ళి ఏసీలో కూర్చుందాం" అన్నాడు రెండోవాడు. నాకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అందామని వెనక్కి తిరిగాను. ఇద్దరూ చెవుల్లో వైర్లు పెట్టేసుకున్నారు. వాళ్ళకు చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

ఆ మనిషి శకుంతలక్క. పాత బెంగళూరులోని నగర్తపేటలో పుట్టి పెరిగింది. ఏ తాతల కాలంలోనో ఆంధ్ర సీమ నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఆమె తెలుగులో సగం కన్నడమే ఉండేది. భర్త పోయాక ఆమెకు మిగిలింది మెజెస్టిక్ దగ్గర ఒక ఇరుకు గది, ఒక పాత టూరిస్టు వ్యాను. "ఆడమనిషికి వ్యానెందుకు వదినా, అమ్మేసెయ్" అని మరిది ప్రతి పండక్కీ వచ్చి చెప్పేవాడు. ఆమె అమ్మలేదు. నన్ను డ్రైవరుగా పెట్టుకుంది. తొంభైల మొదటి మాట ఇది. నేను హిందూపురం దిక్కునుంచి వచ్చినవాణ్ణి. ఏడో తరగతితో బడి ఆగింది, చదువు ఆగలేదు. వేరుశనగకాయలు చుట్టిన పేపరు ముక్క నుంచి పాత పుస్తకాల అంగళ్ళ దాకా దొరికిందల్లా చదివాను. ఇంగ్లీషు కూడా అట్లాగే పట్టుకున్నాను. ఏడో తరగతివాడికి ఇంగ్లీషు ఎట్లా వచ్చిందని ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్ళున్నారు. చదివితే వస్తుంది. ఇందులో ఆశ్చర్యపోవడానికేముందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మా బండెక్కేవాళ్ళంతా ఒక రైలు దిగి ఇంకో రైలెక్కవలసినవాళ్ళు. తిరుపతి నుంచి మైసూరు పోయేవాళ్ళు, ఆసుపత్రి పని పొద్దున్నే తీరిపోయి సాయంత్రం బస్సు దాకా ఏం తోచనివాళ్ళు. వాళ్ళ చేతిలో ఉండేది సగం రోజు. పనిలో చేరిన కొత్తలో నేను ఉత్సాహంగా, "అక్కా, నేను వేగంగా నడుపుతాను, సగం రోజులో పది చోట్లు చూపించొచ్చు" అన్నాను. ఆమె నవ్వలేదు. "పది కడల దించి పది కడల ఎక్కిస్తే, వాళ్ళు చూసేది మన బండి మెట్లే కదప్పా" అంది.

ఆమె పద్ధతి వేరు. ఎవరు బండెక్కినా మొదట అడిగేది ఒక్కటే: "ఇంటికాడ మీరేం పని చేస్తారు?" ఆ జవాబును బట్టే ఆ రోజు మా దారి ఉండేది. ఒకసారి ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కంసాలి ఒకాయన బండెక్కాడు. ఆయన్ని అందరూ చూసే పెద్ద తోటకూ తీసుకుపోలేదు, ప్యాలెస్‌కూ తీసుకుపోలేదు. నగర్తపేట సందులో బంగారు తీగ లాగేవాళ్ళ దగ్గర కూర్చోబెట్టింది. ఆయన పూట పూటంతా అక్కడే ఉన్నాడు. భార్యాపిల్లలు పక్క సందులో గాజులు చూసి, దోసెలు తిని, వెనక్కి వచ్చి పిలిస్తే గానీ లేవలేదు. రైల్వే స్టేషనులో దిగేటప్పుడు ఆయన అక్కకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఊరు చూపించినందుకు అట్లా దండం పెట్టినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

ఇంకొక పద్ధతి కూడా ఉండేది. జనాన్ని ఏ అంగడికి తీసుకుపోవాలన్నా అక్క ముందుగా తానే వెళ్ళి అక్కడ బోణీ చేసేది. ఒక దారపు ఉండో, పిడికెడు పూసలో, ఏదో ఒకటి కొనేది. "ఎందుకక్కా, వాళ్ళే కొంటారు కదా" అంటే, "కొంటే కొంటారు, లేకుంటే లేదు. బోణీ అయిన అంగట్లో మనిషి సుమ్నే, ఊరికే చూసి రావచ్చు. బోణీ కాని అంగట్లో చూసి వెనక్కొస్తే ఆ అంగడాయన పొద్దంతా కడుపు మండించుకుంటాడు. చూపించేది మనం, ఉసురు తగిలేది వాళ్ళకా?" అనేది. ఈ ఊళ్ళో కమీషను కోసం అంగళ్ళకు జనాన్ని తోలుకుపోయే బండ్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడు మరీ ఉన్నాయి. అంగడికే తన చేతి డబ్బు ఎదురిచ్చి జనాన్ని తీసుకుపోయిన బండి నాకు తెలిసి అదొక్కటే.

తొంభైల చివరలో ఒక ధనుర్మాసంలో మద్రాసు నుంచి మూర్తి అనే టూరిస్టు ఏజెంటు ఫోను చేశాడు. విదేశీ ఓడ ఒకటి అక్కడి రేవులో ఆగుతుందట. అందులోంచి కొంతమంది తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు వచ్చి, మధ్యాహ్నం రైలుకే వెనక్కి పోతారట. రైలు తప్పితే ఓడ ఆగదు. "ఈ గుంపు సంతోషంగా తిరిగొస్తే సీజను ఓడలన్నీ మీకే మేడమ్" అన్నాడు. మా వ్యాను అప్పటికే దగ్గుతూ నడుస్తోంది. ఓడలు దొరికితే బండి మార్చవచ్చు. లేకుంటే ఉగాదికల్లా అమ్మేయమన్న మరిది మాటే నెగ్గుతుంది. అక్క నాతో ఇదంతా అనలేదు. ఆ పొద్దున అద్దానికి రెండు మల్లెమాలలు కట్టింది, అంతే.

రైలు దిగిన గుంపుతో పాటు మూర్తి కూడా టై కట్టుకుని వచ్చాడు. ప్యాలెస్, తోట, ఆ తర్వాత పట్టుబట్టల పెద్ద ఎంపోరియం, ఇదీ అతని పథకం. అక్క విని, తల ఊపి, నావైపు తిరిగి, "ఏం పని చేస్తారో అడుగప్పా" అంది. అడిగాను. వాళ్ళలో ఒకావిడ తన ఊళ్ళో జీవితమంతా పెళ్ళికూతుళ్ళ బట్టలు కుట్టిందట. పక్కనున్న పొడుగాటి పెద్దాయన ఆమె భర్త, రిటైరైన బస్సు డ్రైవరు. అక్క ముఖం వెలిగింది. "ప్యాలెస్ ముందర ఒక చుట్టు తిప్పు. ఆపైన మన పేటకు పోనీ" అంది.

ఎంబ్రాయిడరీ మగ్గం పని చేసే ఇంట్లో, గుంపు బండి దిగేలోపే నన్ను పంపి బోణీ చేయించింది. అక్కడంతా సవ్యంగానే జరిగింది. బయటికి వచ్చాక అక్క వెనకబడ్డవాళ్ళ కోసం ఆగింది. అంతలో మూర్తి తొందరపడి, ఆ కుట్టుపనావిడనూ మరి కొందరినీ దారిలో కనబడ్డ పెళ్ళిసామాన్ల అంగట్లోకి తీసుకుపోయాడు. వెనకాలే నేనూ పోయాను. బాసికాలు, జరీ దండలు, అడ్డుతెరలు అమ్మే గంగాధరయ్య అంగడి అది. వాళ్ళు అన్నీ తీయించి, తాకి, మెచ్చుకుని చూశారు. మూర్తి గడియారం చూసుకుని, "ఇవన్నీ ఎంపోరియంలో ఇంకా మంచివి దొరుకుతాయి" అని అందరినీ బయటికి నడిపించాడు.

గంగాధరయ్య వెనకాలే మెట్లమీదికి వచ్చాడు. "ధనుర్మాసం! పొద్దుట్నుంచి అంగట్లో ఈగ వాల్లేదు. మొదటి బేరానికొచ్చి తాకి, తిప్పి, పోతాండారు! నా అంగడేమన్నా మ్యూజియమా?" అని వీధంతా వినబడేటట్టు అరిచాడు.

కుట్టుపనావిడ ఆగిపోయింది. ఆయనేమంటున్నాడని అడిగింది. మూర్తి పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వి ఇంగ్లీషులో, "మళ్ళీ రమ్మంటున్నాడు" అన్నాడు.

"కాదమ్మా" అన్నాను నేను. నోరు ఊరుకోలేదు. మొదటి బేరం మీద మా అంగళ్ళవాళ్ళకు ఎంత పట్టింపో, పెళ్ళిళ్ళు లేని నెలలో ఆయనకు ఈ పూట ఎట్లా గడుస్తున్నదో, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మూర్తి నన్ను చూసిన చూపుకు పాలు విరిగిపోయేవి.

ఆవిడ వెంటనే మెట్లెక్కి ఒక జత బాసికాలు కొంది. గంగాధరయ్య నోటును రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. కోపం ఎటుపోయిందో పోయింది. "ఈమెదేం పనప్పా?" అని నన్నడిగాడు. పెళ్ళిబట్టలు కుడుతుందన్నాను. "అట్లయితే మన కులమేనే!" అని చాప పరిచి కూర్చోబెట్టాడు. అట్టముక్క మీద జరీ ఎట్లా చుట్టాలో, ముత్యం ఎక్కడ నిలపాలో చూపించాడు. ఆవిడ చేతులు ఆయన చేతుల వెంబడే నడిచాయి. కాసేపటికి ఆయన, ఆవిడ కొన్న బాసికాల్లో ఒకటి ఆవిడ నుదుటికే, రెండోది ఆ బస్సు డ్రైవరు నుదుటికి కట్టాడు. అప్పుడే వచ్చిన అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ధనుర్మాసంలో పెండ్లేందయ్యా గంగాధరయ్యా, బుద్ధుండాదా?" అంది. "దొరలకు ధనుర్మాసం లేదులేమ్మా, నువ్వు అక్షింతలు తే!" అన్నాడాయన. పక్క అంగళ్ళవాళ్ళంతా గుమిగూడారు. ఎవరో ఇడ్లీలు తెప్పించారు. ఓడ దిగిన గుంపులో ప్రతివాళ్ళూ ఏదో ఒక అంగడి మెట్టు మీద కూర్చుని ఎవరితోనో చేతులతో మాట్లాడుతున్నారు.

మూర్తి అక్కను పక్కకు పిలిచాడు. "మేడమ్, ఉన్నదే కాస్త టైము. ఎంపోరియం చూపించకపోతే ఇంకొక ఓడ మీకు రాదు. ఇప్పుడే చెబుతున్నాను."

 అక్క కళ్ళు సందు మొదట్లో నిలబెట్టిన మా వ్యాను మీద ఉన్నాయి. తర్వాత నన్ను పిలిచింది. "వాళ్ళనే అడుగప్పా. నా మాట కలపొద్దు, ఈయన మాట తియ్యొద్దు."

ఉన్నదున్నట్టు అడిగాను. పెద్ద షాపు ఉంది, ఏసీ ఉంది, మంచి పట్టు ఉంది. అక్కడికి పోతే ఇక్కడినుంచి ఇప్పుడే లేవాలి. ఒక్కరూ లేవలేదు. బస్సు డ్రైవరు నుదుటి మీద బాసికంతోనే తల అడ్డంగా ఊపాడు.

రైలును అందుకున్నాం. నేను నడిపిన నడుపుడు ఇప్పుడు చెబితే లైసెన్సు లాక్కుంటారు. మూర్తి అక్క వైపు చూడకుండానే పెట్టె ఎక్కాడు. రైలు కదిలి పోయాక ప్లాట్‌ఫాం మీద నేను తల వంచుకుని, "నా నోటి వల్ల ఓడలన్నీ పోయాయక్కా" అన్నాను.

"మన ఊరికి ఓడలు ఎప్పుడొచ్చినాయప్పా, పోయేదానికి?" అని ఆమె పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "రేపట్నుంచి జనంతో మాట్లాడేది నువ్వే. నేను ముందుపోయి బోణీలు చేసుకుంటా" అంది.

మూర్తి మళ్ళీ ఫోను చేయలేదు. కానీ ధనుర్మాసం పోగానే గంగాధరయ్య తన బేరగాళ్ళను మాకు పంపడం మొదలుపెట్టాడు. అనంతపురం, చిత్తూరు దిక్కునుంచి పెళ్ళి సామాన్లకు పొద్దున దిగి సాయంత్రం పోయే కుటుంబాలు. ఆయన్ని చూసి వీధివాళ్ళంతా పంపారు. ఉగాదికి మరిది వచ్చేసరికి వ్యాను కొత్త ఇంజనుతో, కొత్త రంగుతో వాకిట్లో నిలబడి ఉంది. రెండువేల సంవత్సరం దాటి చాలా కాలం, అక్క కన్నుమూసేదాకా, అది ఈ ఊళ్ళో తిరిగింది.

ఆ తర్వాత ఎన్నో చోట్ల పనిచేశాను, ఎందరికో ఈ ఊరు చూపించాను. "మళ్ళీ రమ్మంటున్నాడు" అని ఒక్క ముక్క అంటే పని జరిగిపోయే సందర్భాలు లెక్కలేనన్ని వచ్చాయి. చిన్న అబద్ధం, తియ్యటి అబద్ధం, ఎవరికీ నష్టం లేదని అందరూ చెప్పే అబద్ధం. అది నాకు చేతకాలేదు. ఉద్యోగాలు పోయాయి, స్నేహాలు పోయాయి, ముసలాడికి నోటి దురుసు అన్నారు. అననీండి. ఆ చేతకానితనాన్ని చూసే కదా, శకుంతలక్క జనంతో మాట నాకు అప్పగించింది.