ఈ పైసలు ఎవరియి?

మొన్న మంగళవారం పొద్దున మా చిన్నమ్మ ప్రభువులో నిద్రించింది. దవాఖాన నుండి మా చెల్లెలు ఫోన్ చేసేసరికి నేను నాంపల్లిలో మా గల్లీ చివర కూరగాయల బండి దగ్గర ఉన్నాను. "అక్కా, చిన్నమ్మ పోయింది" అని మాత్రం అంది. బండి అతనికి ఇవ్వాల్సింది ఇచ్చేసి, ఇంట్లోకి వచ్చి మోకరించాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కృతజ్ఞతే.

ఆరాధన అయ్యాక చర్చి వరండాలో, కిటికీ కింది బెంచీ మీద కూర్చునే పెద్దావిడ అంటే ఈ సంఘ పత్రిక చదివే చాలామందికి తెలుస్తుంది. తెలియనివారి కోసం చెప్తాను. ఆమె మా అమ్మకు సొంత చెల్లెలు. ఆబిడ్స్‌లో ఒక కాలేజీ ఆఫీసులో ఫీజు కిటికీ వెనక ముప్పై ఏళ్ళు పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. స్టేషన్ రోడ్డు వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేది. అక్కడి నుండి ఆబిడ్స్‌కు నడిచే వెళ్ళేది, నడిచే వచ్చేది. ఆటో ఎక్కమంటే, కాళ్ళు దేవుడు ఎందుకిచ్చాడని అడిగేది.

కిటికీ ముందు నిలబడే తీరును బట్టి పిల్లల సంగతి ఆమెకు తెలిసిపోయేదట. "పైసలున్న పిల్ల ముందు చెయ్యి లోపలికి పెడ్తది. లేని పిల్ల వెనకున్నోళ్లను ముందుకు పోనిస్తది" అనేది. అలా వెనకబడిన పిల్లను అన్నం గంట కొట్టగానే వెతుక్కుంటూ వెళ్ళేది. తన టిఫిన్ డబ్బా ఇద్దరి మధ్యా పెట్టి, ఏ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాలి, ఏ కాగితం తక్కువైంది, కిస్తీల్లో కట్టడానికి ప్రిన్సిపాల్‌కు ఎలా రాయాలి, అన్నీ చెప్పేది. డబ్బు మాత్రం ఇచ్చేది కాదు. కొందరు ఆమెను పిసినారి అన్నారు. నేను కూడా ఒకప్పుడు అనుకున్నాను.

ఏ పిల్ల చేతిలో డబ్బు చూసినా ఆమె ముందు అడిగే మాట ఒక్కటే. ఎంత అని కాదు. "ఈ పైసలు ఎవరియి?"

స్కాలర్‌షిప్ అయితే కాలేజీవి. హాస్టల్‌కని నాన్న పంపితే మెస్సువి. ట్యూషన్ చెప్పి తెచ్చుకుంటే నీవి. అక్కడిదాకా తేలాకే మిగతా మాట. ఒకసారి డిగ్రీ చదివే ఒకతను ఆబిడ్స్ షోరూములో కొన్న తెల్ల బూట్లు వేసుకొని బెంచీ దగ్గరికి వచ్చాడు. హాస్టల్ డబ్బు పడి వారమైంది, మెస్సు బిల్లు ఇంకా కట్టలేదు. చిన్నమ్మ అతని మొహం చూడలేదు, బూట్లు చూసింది. "మంచిగున్నయ్. మెస్సాయన బూట్లు, జర పైలంగ నడువు" అంది. అతను ఇప్పుడు కాచిగూడలో ఆడిటర్. సమాధి దగ్గర నాకు ఆ మాట చెప్పి నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మాట నాకూ ఒకసారి తగిలింది. అది రాయకపోతే ఈ నాలుగు మాటలు నిజం కావు.

మేము ఐదుగురం. నేను పెద్దదాన్ని. ఆఖరిది నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నది. అమ్మ పోయాక ఆమె చదువు నా మీద పడింది. అప్పుడు నేను హిమాయత్‌నగర్‌లో ఒక నర్సరీ బడిలో టీచర్ని. చెల్లెలికి డిగ్రీలో సీటు వచ్చింది కానీ ఫీజు మా వల్ల కాదు. చిన్నమ్మ ఒక ట్రస్టు అడ్రసు ఇచ్చి దరఖాస్తు పెట్టించింది. వాళ్ళు మూడేళ్ళూ ఫీజు ఇస్తామన్నారు. షరతు ఒకటే. డబ్బు మా జాయింట్ ఖాతాలో పడ్డ నెలలోపు మొత్తం ఫీజు కట్టిన రసీదు పంపాలి. పంపకపోతే మిగతా రెండేళ్ళూ ఇవ్వరు.

ఆ డబ్బు కోసం ఎండాకాలమంతా ప్రార్థన చేశాను. ఒక గురువారం నలభై వేలు పడ్డాయి. శుక్రవారం బ్యాంకుకు వెళ్ళి నాలుగు వేలు తీశాను. ఆదివారం కవరులో పెట్టి, పైన కృతజ్ఞతార్పణ అని రాసి, కానుకల సంచిలో వేశాను. దేవుడు ఇచ్చినదాంట్లో పదో వంతు దేవునికి. చిన్నప్పటి నుండి నాకు నేర్పింది అదే. చెల్లెలికి చెప్పాలని కూడా తోచలేదు. ఆ రోజు నా మనసు ఎంత తేలికగా ఉందో ఇంకా గుర్తుంది.

తర్వాతి వారం చెల్లెలు ఫీజు కట్టడానికి వెళ్తే నాలుగు వేలు తక్కువ. నెల కావడానికి ఇంకా రోజులున్నాయి కానీ కాలేజీ ఆఖరు తారీఖు ఆ శుక్రవారమే. అది దాటితే పేరు తీసేస్తామని బోర్డు మీద పెట్టారు. నా జీతం పడేది ఒకటో తారీఖున. చెల్లెలు ఇంటికి వచ్చి, "అక్కా, బ్యాంకోళ్ళు ఏమన్న కట్ చేసుకున్నరా?" అని అడిగింది. నేను చెప్పాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది. కోపం వస్తే బాగుండేది.

సాయంత్రం చిన్నమ్మ వచ్చింది. అంతా విని, నీళ్ళు తాగి, నన్ను అడిగింది.

"గా నలభై వేలు ఎవరియి?"

"దేవుడిచ్చినవి చిన్నమ్మా."

"ఇచ్చిండు. ఎవరికిచ్చిండు?"

నేను చెల్లెలి వైపు చూశాను.

"కాలేజీకి పోయే పైసలు బిడ్డా గవి. నీ చేతుల మీదికెల్లి పోతున్నయ్, అంతే. పోస్ట్‌మాన్ మనియార్డర్ల పదో వంతు తీసి చర్చిలేస్తడా?"

"దేవునికి ఇచ్చింది వాపస్ ఎట్లడుగుత?"

"దేవునిది కానిది దేవునికిచ్చినవ్. తీస్కున్నడని నీకెవరు చెప్పిన్రు?"

ఇప్పటికీ ఒక్కోసారి ప్రార్థన మధ్యలో ఆ మాట గుర్తొస్తుంది.

ఆమె దగ్గర నాలుగు వేలు ఉన్నాయని నాకు తెలుసు. ఇస్తానని అనలేదు. మర్నాడు నన్ను చర్చి దాకా తీసుకెళ్ళి గేటు దగ్గరే ఆగిపోయింది. "లోపలికి నువ్వే పో" అంది. పాస్టరుగారు చాలా మంచిగా విన్నారు. కానుకల డబ్బు కదిలించాలంటే కమిటీ కూర్చోవాలని, అది వారం తర్వాతనని చెప్పి, తన జేబులో నుండి నాలుగు వేలు తీసి నా చేతిలో పెట్టారు. నేను ఎంతో సంతోషంగా బయటికి వచ్చాను. చిన్నమ్మ ఆ నోట్ల వైపు చూసింది.

"ఇవెవరియి?"

"పాస్టరయ్యవి."

"ఆయన పిల్లలయి. ఇచ్చి రా."

మళ్ళీ లోపలికి వెళ్ళాను. జీవితంలో అంత సిగ్గు ఇంకెప్పుడూ పడలేదు. పాస్టరుగారు ఈసారి చిన్నమ్మను కూడా లోపలికి రమ్మన్నారు. ట్రెజరరుగారికి ఫోన్ చేశారు. ఆయన గౌలిగూడలో తన దుకాణం వదిలి వచ్చారు, కొంచెం చిరాగ్గానే. ఇలా వాపసు ఇచ్చుకుంటూ పోతే రేపు అందరూ వస్తారన్నారు. చిన్నమ్మ దానికి, వచ్చే వాళ్ళంతా తప్పు ఒప్పుకోవడానికి వస్తే సంఘానికి మంచిదే కదా అంది. చివరికి ఆయన, ఒక ఉత్తరం రాసివ్వండి, కమిటీకి నేను జవాబు చెప్పుకుంటాను అన్నారు.

వరండాలో ఆ బెంచీ మీదే కూర్చొని రాశాను. తల్లి లేని పిల్ల అని, బీదవాళ్ళమని, దయతో అని రాస్తుంటే చిన్నమ్మ వంగి చూసి కాగితం లాక్కుంది.

"గరీబోళ్ళమని ఎందుకు రాస్తున్నవ్? గది కారణం కాదు. నాయి కావు, పొరపాటున వేసిన. గింతే రాయి."

రెండు వాక్యాలు రాసి సంతకం చేశాను. గురువారం చెల్లెలు ఫీజు కట్టింది. రసీదు రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. మిగతా రెండేళ్ళ డబ్బూ వచ్చింది.

పై ఆదివారం ట్రెజరరుగారే చిన్నమ్మ దగ్గరికి వచ్చారు. మా పిల్లలకు కూడా జర చెప్పండి, ప్రతి ఆదివారం ఒక గంట ఈ బెంచీ మీద కూర్చోండి అని అడిగారు. ఆ గంట ఆమె నడవలేకపోయే దాకా సాగింది. వచ్చిన ప్రతి పిల్లకూ ఒక మాట తప్పకుండా చెప్పేది. "ఆఖరు తారీఖుకు ముందు అడుగు, అర్జీ అంటరు. తర్వాత అడిగితే బతిమాలుకునుడంటరు." ఆ మాట విని ఎంతమంది పిల్లలు కిస్తీలకు సమయం తెచ్చుకున్నారో నేను బెంచీ ఇవతలి కొసన కూర్చొని చూశాను. నేను ఫారాలు నింపిపెట్టేదాన్ని. ఆమె ప్రశ్న అడిగేది.

మా చెల్లెలు చదువు ముగించి ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగంలో చేరింది. మొదటి జీతం తెచ్చిన ఆదివారం కానుక కవరు చేతిలో పట్టుకొని బెంచీ ముందు నిలబడింది. చిన్నమ్మ అడగాల్సింది అడిగింది. "నావి" అంది చెల్లెలు. చిన్నమ్మ జరిగి, పక్కన చోటిచ్చింది.

దవాఖానలో చివరి వారం, తన బీరువాలో ఒక కవరు ఉందని నాకు చెప్పింది. తెరిచి చూస్తే పెట్టెకు, బండికి, సమాధుల తోటలో స్థలానికి సరిపోయే డబ్బు, ఒక చీటీ ఉన్నాయి. చీటీ మీద "ఇవి నావి" అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో, "పూలు వద్దు" అని.

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలోకి వచ్చి, అలవాటుగా బెంచీ ఇవతలి కొసన కూర్చున్నాను. కిటికీ కింద ఆమె చోటు ఖాళీగానే ఉంది. కాసేపటికి మెదక్ నుండి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి ఫారం పట్టుకొని వచ్చింది. గత ఏడాది రెండు మూడు సార్లు చిన్నమ్మను కలిసిన పిల్లే. ఎవరూ చెప్పలేదేమో, ఆమెకు సంగతి తెలియదు. అమ్మమ్మ రాలేదా అని అడుగుతూనే ఆ ఖాళీ చోట్లో కూర్చుంది. నేను ఆపలేదు. చెప్పడానికి మాటలు కూడదీసుకుంటున్నాను. అంతలో ఫోను తీసి, బ్యాంకు నుండి వచ్చిన మెసేజీ నాకు చూపించింది.

నేను అడగకముందే చెప్పింది.

"పైసలు పడ్డయ్ ఆంటీ. కాలేజీయి."

కిటికీ ఎండ ఆమె ఒడిలోని ఫారం మీద పడుతోంది. నేను పెన్ను మూత తీశాను.